మీ ప్రశ్న – మా జవాబు: కప్‌కేకుల మీద సింహాలు, ఏనుగులు, పిల్లికూనలు

పిల్లల పుట్టినరోజుకు జంతువుల ముఖాలతో కప్‌కేకులు చేయాలనుకుంటున్న పాఠకుల ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. ఎక్కువమంది ముందు జంతువును ఎంచుకుని, ఆ తర్వాత క్రీమ్ సంగతి అడుగుతున్నారు. ఈ వరుస తిరగేస్తే సగం ఇబ్బందులు అక్కడే తీరిపోతాయి. పార్టీ ఏ నెలలో, ఏసీ ఉందా, పెట్టె ఎంత దూరం వెళ్ళాలి అన్నవి తేలితే క్రీమ్ తేలుతుంది. క్రీమ్ తేలితే దాని మీద ఏ జంతువు నిలుస్తుందో తెలుస్తుంది.

ప్రశ్న: మే నెలలో మా బాబు పుట్టినరోజు. సాయంత్రం 5 గంటలకు డాబా మీద పార్టీ, 24 మంది పిల్లలు. కిందటేడు వేసిన బటర్‌క్రీమ్ కళ్ళూ ముక్కూ సహా జారిపోయింది. ఈసారి ఏ క్రీమ్ వాడాలి? – ఒక తల్లి, విజయవాడ

జవాబు: వెన్న 28–30 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. 32–35 మధ్య కరిగిపోతుంది. మే నెల సాయంత్రం డాబా మీద అంతకంటే వేడిగా ఉంటుంది కాబట్టి అక్కడ బటర్‌క్రీమ్ నిలవదు. విప్పింగ్ క్రీమ్ అంతకంటే ముందే చెమ్మ వదులుతుంది. మీకు పనికొచ్చేది పలచటి పొరగా వైట్ చాక్లెట్ గనాష్ (చాక్లెట్, క్రీమ్ కలిపి చేసే పూత), దాని మీద ఫాండెంట్ (ఒత్తి కోయగలిగే పంచదార ముద్ద) బిళ్ళ.

24 కప్‌కేకులకు 300 గ్రాముల వైట్ కాంపౌండ్ చాక్లెట్, 100 గ్రాముల ఫ్రెష్ క్రీమ్ సరిపోతాయి. చాక్లెట్‌ను సన్నగా తరగండి. క్రీమ్‌ను గిన్నె అంచున బుడగలు వచ్చేదాకా మాత్రమే వేడిచేసి చాక్లెట్ మీద పోయండి. మూడు నిమిషాలు కదపకుండా వదిలేసి, తర్వాత మధ్యలో నుంచి బయటికి కలపండి. పైన మూతపెట్టి 6 నుంచి 8 గంటలు ఉంచితే వేరుశనగ వెన్నలా చిక్కబడుతుంది. ఒక్కో కప్‌కేకు మీద 2–3 మిల్లీమీటర్ల మందాన పూయండి. పొర మందమైతే వేడికి అదీ మెత్తబడి, పైనున్న ముఖం పక్కకు జరుగుతుంది. పలచగా ఉంటే అది జిగురులా పనిచేస్తుంది, అంతే కావాలి.

ఫాండెంట్‌ను 3 మిల్లీమీటర్ల మందాన ఒత్తి, కప్‌కేకు పైభాగానికి సరిపడా గుండ్రంగా కోయండి. మామూలు కప్పుకు 6.5 నుంచి 7 సెంటీమీటర్ల వ్యాసం కావాలి. ఒక్కో బిళ్ళకు సుమారు 15 గ్రాములు పడుతుంది. చెవులు, ముక్కులు, తరుగు అన్నీ కలిపి 24కు 750 గ్రాములు తెచ్చుకోండి.

మీ పార్టీ ఏసీ గదిలోకి మారితే బటర్‌క్రీమ్ హాయిగా వాడుకోవచ్చు. ఉప్పు లేని వెన్న 175 గ్రాములు, ఐసింగ్ షుగర్ 350 గ్రాములు ఉంటే 24 కప్‌కేకులకు కత్తితో చదునుగా పూయడానికి వస్తుంది. ఎత్తుగా చుట్టలు తిప్పాలంటే ఇంతకు రెండింతలు కావాలి. కానీ జంతువు ముఖానికి ఎత్తు చుట్ట అవసరం లేదు, పైగా అడ్డం. వెన్నను ముందు ఒక్కదాన్నే తెల్లబడేదాకా 5 నిమిషాలు గిలక్కొట్టండి. ఐసింగ్ షుగర్ జల్లించి మూడు విడతలుగా వేయండి. చివర్లో అవసరమైతేనే ఒకటి రెండు చెంచాల పాలు. చేతి వేడికి కూడా క్రీమ్ మెత్తబడుతుంది. పైపింగ్ బ్యాగును (క్రీమ్ నింపి నొక్కే కోను సంచి) సగమే నింపండి, రెండు బ్యాగులు పెట్టుకుని ఒకటి ఫ్రిజ్‌లో ఉండగా రెండోదానితో పనిచేయండి.

ప్రశ్న: గుడ్డు లేని కప్‌కేకులు చేస్తే పైన గోపురంలా లేచి పగులుతున్నాయి. వాటి మీద ముఖం బిళ్ళ కూర్చోవడం లేదు. చిన్న ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్) వాడతాను. – హనుమకొండ పాఠకురాలు

జవాబు: వేడి ఎక్కువైతే అంచులు ముందే గట్టిపడిపోతాయి, మధ్యలో ఉన్న పిండి ఇంకా పొంగుతూ పైకి చీల్చుకుని వస్తుంది. చిన్న ఓటీజీలో పై కడ్డీ దగ్గరగా ఉంటుంది కాబట్టి ఇది మరీ ఎక్కువ. ట్రేని మధ్య అర కంటే ఒక మెట్టు కింద పెట్టండి. 10 నిమిషాలు ముందుగా వేడిచేసి, 170 డిగ్రీల దగ్గర 18 నుంచి 22 నిమిషాలు కాల్చండి.

కొలతలు ఇవీ, 12 కప్‌కేకులకు: గట్టి పెరుగు 1 కప్పు, పంచదార పొడి ముప్పావు కప్పు, బేకింగ్ పౌడర్ ఒకటింపావు టీస్పూన్, వంటసోడా అర టీస్పూన్, వాసన లేని నూనె అర కప్పు, వెనిల్లా 1 టీస్పూన్, మైదా ఒకటిన్నర కప్పులు. కప్పంటే 240 మిల్లీలీటర్లు. పెరుగులో పంచదార కరిగాక బేకింగ్ పౌడర్, సోడా వేసి 5 నిమిషాలు వదలండి, నురగలా పొంగుతుంది. తర్వాత నూనె, వెనిల్లా. మైదా జల్లించి వేశాక పిండి కనబడకుండా పోయేదాకా కలిపితే చాలు. ఇంకా గిలక్కొడితే సాగుడు పుట్టి, మళ్ళీ అదే గోపురం వస్తుంది.

కాగితం కప్పును మూడింట రెండు వంతుల లోపే నింపండి, తూకం వేస్తే 50–55 గ్రాములు. అప్పటికీ లేచిన వాటిని పూర్తిగా చల్లారాక రంపపు పళ్ళున్న కత్తితో అంచుల మట్టానికి కోసేయండి. ఆ తరుగు పారేయకండి. పొడి చేసి చెంచాడు గనాష్‌తో ముద్ద చేస్తే, ఎలుగుబంటి మూతికీ పంది ముక్కుకీ క్రీమ్ కింద పెట్టే గుబ్బలవుతాయి. ఉత్త క్రీమ్‌తో ఆ ఎత్తు తేవాలంటే బరువుకు కుంగిపోతుంది.

అన్నిటికీ చదును అక్కర్లేదు. పాండా, పులి ముఖాలకు చదునుగా ఉండాలి. గొర్రె, ముళ్ళపంది, కోడిపిల్లలకు గోపురం ఉంటేనే ఒళ్ళు గుండ్రంగా వస్తుంది.

ప్రశ్న: ఫాండెంట్‌తో కుందేలు చెవులు చేసి నిలబెడితే గంటలో వాలిపోయాయి. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే చెమట పట్టి, రంగు కారింది. – విశాఖపట్నం పాఠకురాలు

జవాబు: ఫాండెంట్ అంతా పంచదారే. గాలిలో తేమ ఎక్కడున్నా పీల్చుకుంటుంది, సముద్రం పక్క ఊళ్ళో మరీను. అందుకు మూడు పనులు చేయాలి.

మొదటిది సీఎంసీ పౌడర్. బేకింగ్ సామాన్ల దుకాణంలో చిన్న డబ్బాల్లో దొరుకుతుంది, కొందరు టైలోజ్ అని అడుగుతారు. రెండూ ఇంచుమించు ఒకే పని చేస్తాయి. 250 గ్రాముల ఫాండెంట్‌కు 1 టీస్పూన్ కలిపి బాగా పిసికి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి అరగంట ఉంచండి. ఇది కలిపిన ముద్ద త్వరగా ఆరుతుంది, గట్టిగా నిలుస్తుంది. చేతికి అంటుకుంటుందని కార్న్‌ఫ్లోర్ ఎక్కువ చల్లితే అంచులు పగులుతాయి. అరచేతికి రవ్వంత డాల్డా రాసుకోవడం మేలు.

రెండోది వ్యవధి. నిలబడే చెవులు పార్టీకి కనీసం రెండు రోజుల ముందు చేయాలి. 3 మిల్లీమీటర్ల మందాన కోసి, అడుగున 1 సెంటీమీటర్ తోక అదనంగా వదలండి. కేకులోకి గుచ్చేది ఆ తోకనే. టూత్‌పిక్ పెట్టకండి. పిల్లలు చూడకుండా కొరుకుతారు, నోట్లో గుచ్చుకుంటుంది. చెవికి వంపు కావాలంటే గరిటె బోలు మీద బటర్ పేపర్ వేసి దాని మీద ఆరబెట్టండి. సగం ఆరాక తిరగేయండి, లేకపోతే కింది వైపు పచ్చిగానే ఉండిపోయి, నిలబెట్టగానే అక్కడ విరుగుతుంది.

మూడోది దాచే పద్ధతి. ఆరిన చెవులను అట్టపెట్టెలో ఉంచాలి, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో కాదు. డబ్బాలో వాటి తేమ వాటికే తిరిగి పడుతుంది. ఫ్రిజ్ అసలు వద్దు. అలంకరించిన కప్‌కేకులను తప్పనిసరిగా ఫ్రిజ్‌లో పెట్టాల్సివస్తే, అట్టపెట్టెను ప్లాస్టిక్ కవర్లో మూసి పెట్టండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా తెరవకండి. చెమట కవరుకు పడుతుంది, చెవులకు పట్టదు. పట్టిన చెమటను తుడవబోతే రంగు పాకుతుంది. ఫ్యాన్ కింద వదిలేస్తే ఆరిపోతుంది.

అతికించడానికి నీళ్ళు ఎక్కువ పూస్తే పంచదార కరిగి ముక్క జారుతుంది. పావు టీస్పూన్ సీఎంసీ పౌడర్‌ను రెండు టేబుల్‌స్పూన్ల నీళ్ళలో వేసి రాత్రంతా ఉంచండి, తెల్లారేసరికి తేటైన జిగురవుతుంది. బ్రష్‌తో ఒక్క చుక్క చాలు.

ఇంకొక సంగతి. విప్పింగ్ క్రీమ్ మీద ఫాండెంట్ పెడితే క్రీమ్‌లోని నీటిని లాక్కుని అడుగు నుంచి కరుగుతుంది. తప్పదనుకుంటే ముక్క వెనుకవైపు కరిగించిన వైట్ చాక్లెట్ పూసి ఆరనిచ్చి, పార్టీకి గంట ముందు మాత్రమే పెట్టండి. వానాకాలంలో మీ ఊళ్ళో ఐతే మా ఓటు చాక్లెట్ చెవులకే. కాంపౌండ్ చాక్లెట్ కరిగించి, బటర్ పేపర్ మీద చెవి ఆకారంలో వేసి, 5 నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే ఊడి వస్తాయి.

ప్రశ్న: మా ఊళ్ళో ఫాండెంట్ దొరకదు. కిరాణా దుకాణంలో దొరికే వాటితో ఏయే జంతువులు చేయొచ్చు? – మదనపల్లె పాఠకురాలు

జవాబు: చాలా చేయొచ్చు. ఒక్కోసారి ఇవే ఫాండెంట్ కంటే రుచిగానూ ఉంటాయి. పిల్లలు ఫాండెంట్‌ను తీసి పక్కన పెట్టేయడం ప్రతి పార్టీలో కనిపిస్తుంది. బిస్కట్‌ను మాత్రం ముందు అదే తింటారు.

గుడ్లగూబ అన్నిటికంటే సులువు. ఓరియో బిస్కట్‌ను మెల్లగా మెలితిప్పితే క్రీమంతా ఒకవైపు నిలుస్తుంది. క్రీమ్ ఉన్న సగాలు రెండు పక్కపక్కన పెడితే పెద్ద కళ్ళు. కాబట్టి ఒక గుడ్లగూబకు రెండు బిస్కట్లు లెక్క. కళ్ళలో గోధుమరంగు జెమ్స్, మధ్యలో నారింజ జెమ్స్ నిలువుగా గుచ్చితే ముక్కు. క్రీమ్ లేని సగాలను విరిచి, కళ్ళ పైన వాలుగా గుచ్చితే కొమ్ముల్లాంటి ఈకలు. అడుగున చాక్లెట్ బటర్‌క్రీమ్ వేసి ఫోర్కుతో గీతలు లాగండి.

పాండాకు తెల్ల క్రీమ్ చదునుగా పూసి, చిన్న ఓరియోలు రెండు చెవులుగా సగం లోపలికి గుచ్చండి. కంటి చుట్టూ ఉండే నల్లమచ్చకు చాకోచిప్‌ను తలకిందులుగా, అంటే చదునువైపు పైకి వచ్చేలా నొక్కి, దాని మీద తెల్ల క్రీమ్ చుక్క పెట్టండి. ఆ రెండు మచ్చలూ కిందికి, బయటికి వాలి ఉంటేనే అది పాండా. నిటారుగా పెడితే ఎలుక అవుతుంది.

కోడిపిల్లకు ఎండుకొబ్బరి పొడి. కప్పు పొడికి రెండు చుక్కల పసుపు రంగును అర టీస్పూన్ నీళ్ళలో కలిపి, జిప్ కవర్లో వేసి ఆడించి, పళ్ళెంలో పావుగంట ఆరబెట్టండి. గోపురంలా ఉన్న కప్‌కేకుకు క్రీమ్ పూసి, ఈ పొడిలో తలకిందులుగా దొర్లించండి. కళ్ళకు నల్ల నువ్వులు, ముక్కుకు టూటీ ఫ్రూటీ ముక్కను కోణంగా కోసి పెట్టండి. రంగు వేయని కొబ్బరితో ఇదే గొర్రె అవుతుంది. ముళ్ళపందికి కోకో క్రీమ్ మీద చాక్లెట్ వర్మిసెల్లి, అంటే పైన చల్లే సన్న చాక్లెట్ పలుకులు. ముందువైపు మూడో వంతు ముఖానికి వదిలి, మిగతాదంతా అందులో ముంచండి.

పిల్లికీ నక్కకూ చెవులు కాజూ కట్లీ. వజ్రం ఆకారపు ముక్కను పొట్టి కర్ణం వెంట కోస్తే రెండు త్రికోణాలు వస్తాయి, ఒక పిల్లికి సరిగ్గా సరిపోతాయి. ఇంట్లో కాజూ కట్లీ చేయగలిగితే ఫాండెంట్ కోసం వెతకనక్కర్లేదు. 200 గ్రాముల జీడిపప్పును నూనె వదలకుండా విడతలుగా పొడి కొట్టి జల్లించండి. 100 గ్రాముల పంచదార, 50 మిల్లీలీటర్ల నీళ్ళతో తీగ పాకం పట్టి, పొడి వేసి ముద్ద గిన్నెను వదిలేదాకా చిన్న మంట మీద తిప్పండి. గోరువెచ్చగా ఉన్నప్పుడే నెయ్యి రాసుకుని పిసికితే ముక్కులు, చెవులు, తోకలు ఏవైనా చేసుకోవచ్చు, జెల్ రంగు కూడా పడుతుంది. పాకం ముదిరితే ముద్ద పలుకులుగా విరుగుతుంది. అప్పుడు చెంచాడు గోరువెచ్చని పాలు చల్లి మళ్ళీ పిసకండి, కానీ పాలు చేరినది ఆ రోజే వాడేయాలి.

ఐదేళ్ళ లోపు పిల్లలు ఉంటే జెమ్స్, విడి జీడిపప్పులు, పాప్‌కార్న్, వెండి గోళీలు వద్దు. గొంతుకు అడ్డం పడే పరిమాణం అది. ముక్కూ కళ్ళూ అన్నీ క్రీమ్ చుక్కలతోనో కరిగే చాక్లెట్‌తోనో పెట్టండి.

ప్రశ్న: నేను చేసిన సింహం పొద్దుతిరుగుడు పువ్వులా ఉందన్నారు. ఏనుగును చూసి చిన్నపాప భయపడింది. ముఖాలు ముద్దుగా రావాలంటే ఏం చేయాలి? – నిజామాబాద్ పాఠకురాలు

జవాబు: ముద్దుదనం ఎక్కువగా కళ్ళ స్థానంలో ఉంటుంది. పెద్ద నుదురు, కిందికి దిగిన పెద్ద కళ్ళు, గుండ్రటి బుగ్గలు చూస్తే మనకు పసితనం గుర్తొస్తుందని జంతువుల ప్రవర్తనను పరిశోధించిన కొన్రాడ్ లోరెంజ్ 1943లోనే వివరించాడు. కప్‌కేకు మీద దాన్ని ఇలా వాడండి: వృత్తాన్ని అడ్డంగా సగం చేసే గీత ఊహించుకుని, కళ్ళను ఆ గీత మీద లేదా కాస్త కింద పెట్టండి, ఎక్కువమంది పెట్టినట్టు పైన కాదు. రెండు కళ్ళ మధ్య కనీసం రెండు కళ్ళంత ఎడం. ముక్కు వాటి మధ్యలోనే, కొద్దిగా కింద. నోరు చిన్నది, లేకపోయినా పరవాలేదు. పళ్ళు పెట్టారో, ఎంత ముద్దుగా చేసినా భయపెడుతుంది. రెండు కళ్ళలోనూ ఒకే వైపు, ఉదాహరణకు కుడి పైమూల, తెల్ల చుక్క పెట్టండి. ఒకదానికి కుడి, ఒకదానికి ఎడమ పెడితే మెల్లకన్ను వస్తుంది.

చేయి వేసే ముందు కాగితం మీద 7 సెంటీమీటర్ల వృత్తం గీసి, పెన్సిల్‌తో ముఖం వేసి చూడండి. దాని మీద బటర్ పేపర్ పరచి, చాక్లెట్ ముక్కలను ఆ గీతల మీదే వేసుకుంటే 24 ముఖాలూ ఒక్కలా వస్తాయి.

ఇక సింహం. ఆకు నాజిల్‌తో (నాజిల్ అంటే బ్యాగు కొనకు తొడిగే మూతి) పసుపు రంగులో ఒకే వరస రేకులు తిప్పితే పువ్వే అవుతుంది, మీ తప్పేం లేదు. జూలుకు 233 నంబరు నాజిల్ వాడండి, బోలెడు రంధ్రాలుండేది, గడ్డి వేయడానికి వాడేది. చాక్లెట్ క్రీమ్, నారింజ క్రీమ్ రెండూ ఒకే బ్యాగులో పక్కపక్కన నింపితే పోగులు రెండు ఛాయల్లో వస్తాయి. బయటి అంచు నుంచి మొదలుపెట్టి, నొక్కి, 1 సెంటీమీటరు బయటికి లాగి, నొక్కడం ఆపాకే చేయి ఎత్తండి. నొక్కుతూనే ఎత్తితే ప్రతి పోగుకూ పొడవాటి తోక మిగులుతుంది. రెండో వరసను మొదటి వరస సందుల్లో పడేలా వేయండి. మధ్యలో 4 సెంటీమీటర్ల లేత పసుపు ముఖం. గడియారంలో 10, 2 అంకెలుండే చోట జూలులోంచి బయటికి తొంగిచూసే రెండు గుండ్రటి చెవులు. ఆ చెవులు పెట్టగానే పువ్వు పోయి సింహం వస్తుంది. చాలామంది వదిలేసేది వాటినే.

ఏనుగు తొండాన్ని పైకి లేపకండి. అది కుంగి, విరిగి, ముఖాన్ని వింతగా చేస్తుంది. తొండం ముఖం మీదే కిందికి వాలి, చివర పక్కకు ఒంపు తిరిగితే చాలు. చెవులు 4.5 సెంటీమీటర్ల వెడల్పున, కప్పు అంచు దాటేలా ఉండాలి. నిలబెట్టకుండా క్రీమ్ మీద పడుకోబెట్టండి. బూడిద రంగు ముదిరితే రాయిలా కనిపిస్తుంది, తెల్ల ఫాండెంట్‌లో టూత్‌పిక్ మొనతో తీసిన నలుపు సరిపోతుంది.

పులికి చారలు అంచు దగ్గర లావుగా, లోపలికి వచ్చేకొద్దీ సన్నగా ఉండాలి. నుదుటి మీద మూడు, ఒక్కో బుగ్గ మీద రెండు. బటర్ పేపర్ పొట్లం కొనను 1 మిల్లీమీటరు కత్తిరించి, కరిగించిన చాక్లెట్‌తో వేయండి. తినే రంగు పెన్నులు దొరుకుతాయి గానీ, అవి బాగా ఆరిన ఫాండెంట్ మీదే రాస్తాయి, క్రీమ్ మీద రాయవు.

ప్రశ్న: నలుపు చేదుగా వస్తోంది, నీలం వేస్తే ఆకుపచ్చ అవుతోంది. అసలు ఈ రంగులు పిల్లలకు మంచివేనా? – కాకినాడ పాఠకురాలు

జవాబు: నలుపు కోసం తెల్ల క్రీమ్‌లో నల్ల రంగు పోస్తూ పోతే చేదు ఖాయం. చాక్లెట్ బటర్‌క్రీమ్‌తో మొదలుపెట్టండి. 300 గ్రాముల క్రీమ్‌కు 3 టేబుల్‌స్పూన్ల కోకో, ఆపైన కొంచెం నల్ల జెల్. బూడిద గోధుమగా ఉన్నప్పుడే ఆపి, మూతపెట్టి రాత్రంతా ఉంచితే రంగు తనంతట తానే ముదురుతుంది. ఎరుపూ అంతే, గులాబీ రంగు దగ్గర ఆపి మర్నాడు చూడండి.

నీలం ఆకుపచ్చ కావడానికి కారణం వెన్నలోని పసుపుదనం. ఉప్పు వేసిన టేబుల్ బటర్ మరీ పచ్చగా ఉంటుంది, పైగా తీపిలో ఉప్పు తెలుస్తుంది. ఉప్పు లేనిది తీసుకుని తెల్లబడేదాకా గిలక్కొట్టి, టూత్‌పిక్ మొనంత ఊదా రంగు కలపండి. పసుపుదనం విరిగి తెలుపు వస్తుంది, ఆ తర్వాత నీలం వేస్తే నీలంగానే ఉంటుంది. కరిగించిన చాక్లెట్‌లో మాత్రం ఈ జెల్ రంగులు వేయకండి. వాటిలో నీరు ఉంటుంది, చాక్లెట్ ముద్దకట్టి బిగుసుకుపోతుంది. చాక్లెట్‌కు నూనె ఆధారంగా చేసిన రంగులు వేరుగా అడగండి.

ఇక భద్రత. మన దేశంలో ఆహారంలో వాడటానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే. సీసా మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు, ఏ రంగో తెలిపే ఐఎన్ఎస్ సంఖ్య చూడండి. 102, 110 పసుపు నారింజలు, 122, 124, 127 ఎరుపులు, 132, 133 నీలాలు, 143 ఆకుపచ్చ. పొట్లాల్లో పేరు లేకుండా అమ్మే మెరిసే గులాబీ పొడిని కొననే వద్దు. బట్టలకు వేసే రోడమిన్-బి అందులో ఉండవచ్చు. పీచుమిఠాయిలో అదే దొరికాక 2024లో తమిళనాడు ఆ మిఠాయిని నిషేధించింది. కర్ణాటక కూడా అదే ఏడాది రంగు వేసిన పీచుమిఠాయి మీద చర్య తీసుకుంది.

రంగులే వద్దనుకుంటే గోధుమరంగు జంతువులను ఎంచుకోండి. కోకోతో ఎలుగుబంటి, కోతి, ముళ్ళపంది, జింక అన్నీ వస్తాయి. బీట్‌రూట్ పొడి క్రీమ్‌లో చక్కటి గులాబీ ఇస్తుంది, పందిపిల్లకు సరిపోతుంది. కేకు పిండిలో వేస్తే మాత్రం ఓవెన్ వేడికి గోధుమగా మారుతుంది. పసుపును కూడా సోడా ఉన్న పిండిలో వేయకండి, ఎర్రబారుతుంది.

ప్రశ్న: కప్‌కేకుల కాగితాలు తెల్లారేసరికి ఊడి విచ్చుకుంటున్నాయి. – ఒంగోలు పాఠకురాలు

జవాబు: వేడిగా ఉండగానే డబ్బాలో మూసిపెట్టి ఉంటారు. ఆవిరి కాగితాన్ని తడిపి ఊడదీస్తుంది. ఓవెన్‌లోంచి తీసిన 5 నిమిషాలకు ట్రేలోంచి తీసి, గాలి తగిలే జల్లెడ మీద పూర్తిగా చల్లార్చండి. లోపల సరిగ్గా ఉడకని కేకుకూ ఇలాగే అవుతుంది, పుల్ల గుచ్చి చూడండి.

ప్రశ్న: మేం శాకాహారులం. గొర్రెకు మార్ష్‌మాలోలు వాడొచ్చా? – నెల్లూరు పాఠకుడు

జవాబు: ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటేనే. మామూలు మార్ష్‌మాలోలలో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. జెల్లీ బిళ్ళల విషయంలోనూ ఇదే చూడాలి. ఆకుపచ్చ చుక్కవి దొరక్కపోతే 12 నంబరు గుండ్రటి నాజిల్‌తో తెల్ల క్రీమ్ చుక్కలు ఒత్తొత్తుగా పెడితే ఉన్ని అంతకంటే బాగా వస్తుంది.

ప్రశ్న: మా పాప తరగతిలో పంచడానికి 20 జంతువుల కప్‌కేకులు చేయాలి. ఇక్కడ దేని మీద జాగ్రత్త పడాలి? – డాలస్ నుంచి

జవాబు: క్రీమ్ సంగతి తర్వాత, ముందు టీచర్‌ను అడగండి. అమెరికాలో చాలా స్కూళ్ళు ఇంట్లో చేసినవి ఒప్పుకోవు. ఒప్పుకున్నా వేరుశనగ, జీడిపప్పు, బాదం వద్దంటాయి. కాబట్టి పైన చెప్పిన కాజూ కట్లీ చెవులు మీకు పనికిరావు. నల్ల నువ్వుల కళ్ళు కూడా వద్దు, 2023 జనవరి 1 నుంచి అక్కడ ప్యాకెట్ల మీద తప్పనిసరిగా రాయాల్సిన ప్రధాన అలర్జీ పదార్థాల్లో నువ్వులూ చేరాయి. బజారులో దొరికే పంచదార కళ్ళు వాడుకోండి. రెండు పరిమాణాలున్న ప్యాకెట్ కొంటే గుడ్లగూబకు పెద్దవి, ఎలుగుకు చిన్నవి సరిపోతాయి. క్రీమ్‌లోని చెమ్మకు నల్లటి పాప కరిగి కన్నీళ్ళలా కారుతుంది కనుక వాటిని చివరి రెండు గంటల్లోనే పెట్టండి.

ప్రశ్న: 36 కప్‌కేకులను కారులో 40 కిలోమీటర్లు తీసుకెళ్ళాలి. ఏ పని ఎప్పుడు చేసుకోవాలి? – కరీంనగర్ పాఠకురాలు

జవాబు: మూడు రోజుల ముందు చెవులు, తొండాలు, ముఖం బిళ్ళలు చేసి ఆరబెట్టండి. ప్రతి రకానికీ ఐదారు అదనంగా, విరిగేవి విరుగుతాయి. ముందు రోజు ఉదయం కేకులు కాల్చి, చల్లారాక డబ్బాలో పెట్టండి. అదే సాయంత్రం క్రీమ్ చేసి రంగులు కలిపి, బ్యాగులు నింపకుండా మూతగిన్నెల్లో ఫ్రిజ్‌లో ఉంచండి. పార్టీ రోజు ఉదయం క్రీమ్‌ను బయట అరగంట పెట్టి మళ్ళీ రెండు నిమిషాలు గిలక్కొట్టండి. ఈ పని వదిలేస్తే క్రీమ్ గరుకుగా, బుడగలతో వస్తుంది.

36నూ ఒకేసారి వరసలో పెట్టి, పనిని జంతువు వారీగా కాకుండా పొర వారీగా చేయండి. ముందు అన్నిటికీ అడుగు క్రీమ్, తర్వాత అన్నిటికీ బిళ్ళలు, తర్వాత కళ్ళు. ఒక్కో జంతువును పూర్తిచేస్తూ పోతే క్రీమ్ మధ్యలో మెత్తబడి, మొదటి సింహానికీ చివరి సింహానికీ పోలిక ఉండదు. మూడు రకాలకు మించవద్దు, రకానికి 12. ఆరు రకాలు పెట్టుకుంటే రంగులు కలపడానికే పొద్దు గడిచిపోతుంది.

ప్రయాణానికి గుంటలున్న అట్ట అమర్చిన కప్‌కేకు పెట్టెలు తీసుకోండి, 6 లేదా 12 పట్టేవి. కొనేముందు మూత ఎత్తు కొలవండి, కుందేలు చెవులకు కేకు పైన కనీసం 5 సెంటీమీటర్లు కావాలి. పొడవు చెవులు ఐతే విడిగా తీసుకెళ్ళి అక్కడే గుచ్చడం నయం. పెట్టెలను పైన చెప్పినట్టు ప్లాస్టిక్ కవర్లో మూసి ఫ్రిజ్‌లో అరగంట చల్లబరిచి, కారు సీటు మీద కాకుండా కాళ్ళ దగ్గర చదునైన చోట, కింద పాత దుప్పటి మడిచి పరచి పెట్టండి. సీటు వెనక్కి వాలి ఉంటుంది, మలుపులో అన్నీ ఒకవైపు చేరతాయి. ఎక్కకముందే పది నిమిషాలు ఏసీ వేసి కారును చల్లబరచండి.

వెంట ఒక చిన్న సంచి తప్పనిసరి: ప్రతి రంగు క్రీమ్ కొంచెం, మూసిన బ్యాగుల్లో. అదనపు చెవులు, కళ్ళు. సీఎంసీ జిగురు, సన్న బ్రష్, పట్టకారు, తడి గుడ్డ. చేరాక ముందు పెట్టెలు తెరిచి, జారిన ముఖాలను పట్టకారుతో సరిచేసి, రాసుకున్న చోట్ల క్రీమ్ చుక్కలు పెట్టండి. కేకు కోసే సమయానికి 20 నిమిషాల ముందు మాత్రమే ట్రేలోకి మార్చండి, ట్రేని కొవ్వొత్తులకూ ఫోకస్ లైట్లకూ దూరంగా పెట్టండి.